ఫొటో చూచి పెన్సిలు బొమ్మ

పల్నాటి వీరుల ముఖాలు ఎట్లా ఉండేవో మనకు తెలియదు. కారెంపూడిలో నేటికీ పూజలందుకొనేవి వారి ఆయుధాలే గాని చిత్రాలు కావు. మన తాతల ముఖాలు అంత దూరమైనవి కావు. అయినా నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతపు పల్లెల్లో గతించిన పెద్దలకు ఒకే ఒక్క ఫొటో మిగిలిన ఇండ్లున్నవి. అది తిరునాళ్లలో తెర ముందు నిలబడి తీయించుకొన్నది కావచ్చు, రేషను కార్డు మీదిది కావచ్చు, పెండ్లి గుంపులో వెనుక వరుసలోనిది కావచ్చు. దానిని పెద్దదిగా పెన్సిలుతో గీచి ఇమ్మని చిత్రకారుని దగ్గరకు తెస్తారు. గోడకెక్కిన తరువాత, తాతను ఎరుగని మనుమలకు ఆ బొమ్మే తాత. కనుక కన్ను వెంట్రుకవాసి జరిగినా కలిగే నష్టం చిన్నది కాదు.

కొలత సంగతి సులభం. ఫొటో మీద నేరుగా గీతలు గీయరాదు. పారదర్శకమైన కాగితం పరచి దాని మీద గళ్ళు గీచుకోవాలి. పాసుపోర్టు సైజు ఫొటోకు పావు అంగుళం గళ్ళు చాలును. బొమ్మ ఆరు రెట్లు కావాలంటే డ్రాయింగు కాగితం మీద అంగుళంన్నర గళ్ళు. ఏ గడిలోనిది ఆ గడిలోకి ఎక్కించడమే. హెచ్‌.బి. పెన్సిలుతో, చేయి బరువు వేయకుండా గీయాలి. గట్టి పెన్సిలుతో నొక్కితే కాగితంలో చాలు పడుతుంది. తరువాత ఎంత నలుపు దిద్దినా ఆ చాలు తెల్లగా కనబడుతూనే ఉంటుంది. రూపురేఖ పూర్తికాగానే ఫొటోను, బొమ్మను తలక్రిందులుగా పెట్టి పోల్చండి. ముఖమన్న భ్రమ పోయి తప్పులు బయటపడతాయి.

అసలు చిక్కు ఇక్కడినుండి. ఫొటో నిజమే చెబుతుందని మనం నమ్ముతాము. పాన్‌క్రొమాటిక్ ఫిల్ము వ్యాప్తిలోకి రాకముందు వాడిన ప్లేట్లు ఎరుపును దాదాపు గ్రహించేవి కావు. అందువల్ల కుంకుమబొట్టు నల్లగా పడేది, ఎండకు కమిలిన ముఖం మరింత నల్లబడేది. పైగా స్టూడియోలలో నెగటివు మీద సన్నని పెన్సిలుతో దిద్ది ముడుతలను, స్ఫోటకపు మచ్చలను మాయం చేసేవారు. పెన్సిలు ఫొటోలోకి ముందే చొరబడినదన్నమాట! ఆ నునుపును ఉన్నదున్నట్లు దించితే పింగాణీ బొమ్మ తయారవుతుంది. నేటి సెల్‌ఫోను తప్పులు వేరు. మరీ దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు పెరిగి చెవులు వెనుకకు పోతాయి. ఎదురుగా ఫ్లాషు వెలిగితే ముఖం చదునవుతుంది. నాగార్జునకొండ మ్యూజియంలో సున్నపురాతి పలకల మీది శిల్పాలను చూచిన వారికి ఇది సులభంగా బోధపడుతుంది. ఎదుటి వెలుతురులో వెలవెలబోయే ముఖం, ఏటవాలు వెలుతురులో చెక్కిళ్ళతో, పెదవులతో లేచి వస్తుంది. ముఖానికి రూపమిచ్చేది నీడ.

ఫొటో కుడియెడమలు మారినదేమో కూడా చూడాలి. నెగటివును తిరగవేసి అచ్చు తీసినవీ ఉన్నవి. తన ఫొటో తానే తీసుకొంటే కొన్ని ఫోన్లు అద్దంలోవలె తిప్పి ఉంచుతాయి. సాధారణంగా పైట ఎడమ భుజం మీదనే ఉంటుంది; ఫొటోలో అది మన కుడివైపు కనబడాలి. చొక్కా జేబు కూడా అంతే.

నీడలు దిద్దేటప్పుడు ముందు మధ్యరకం ఛాయలు వేసి, గాఢమైన నలుపును చివరకు ఉంచుకోవాలి. పెన్సిలు ముల్లులో ఉండేది గ్రాఫైటు, బంకమన్నుల మిశ్రమం. 1795లో ఫ్రాన్సులో కోంతే కనిపెట్టిన పద్ధతి అది. మన్ను తగ్గిన కొద్దీ ముల్లు మెత్తన, గీత నల్లన. జుట్టుకు 4బి, కనుపాపకు 6బి సరిపోతాయి. జుట్టును వెంట్రుక వెంట్రుకగా గీయకండి, ముద్దగా చూడండి. కంటి తెలుపు నిజానికి తెలుపు కాదు. పైరెప్ప నీడ దాని మీద పడుతుంది. ఆ నీడ లేకపోతే బొమ్మ గ్రుడ్లురిమి చూస్తుంది. వ్రేలితో రుద్దడం మన వేసవిలో మరీ ప్రమాదం. చెమట మరక రబ్బరుకు పోదు. చేతి క్రింద తెల్లకాగితం ఒకటి ఉంచుకోండి.

నీడలకు పూర్వమే, రూపురేఖను ఆ మనిషిని బాగా ఎరిగినవారికి చూపాలి. పాపిట ఎటు? పుట్టుమచ్చ ఉన్నదా? బుగ్గన పొగాకు పెట్టే అలవాటున్నదా? ఇవి ఫొటో చెప్పదు, చెల్లెలు చెబుతుంది. ఇక ఎవరూ చెప్పలేనిదానిని కల్పించే కంటె నీడలో మెత్తగా వదలడం మేలు.

అన్నిటికంటె కష్టమైన కోరిక, వేరువేరు ఫొటోలలోని భార్యాభర్తలను ఒకే పటంలో చేర్చమనడం. ఆయన ముఖం మీద వెలుతురు కుడినుండి, ఆమె మీద ఎడమనుండి పడి ఉంటుంది. ఒక ఫొటోను తిప్పివేస్తే వెలుతురు కలుస్తుంది గాని పైట, పాపిట, మచ్చ తారుమారవుతాయి. ఏ ముఖంలోనూ రెండు సగాలు ఒకటి కావు. స్పష్టంగా ఉన్న ఫొటోను అట్లాగే ఉంచి, రెండవ ముఖానికి నీడలు కొత్తగా సమకూర్చవలసినదే. అందుకు ఆ పోలికలున్న కొడుకునో, మనుమరాలినో కిటికీ ప్రక్కన అదే వాటాన కూర్చోబెట్టి, ముక్కు నీడ ఎంతవరకు వస్తున్నదో చూచి గీయవచ్చును.