పాత కట్ గ్లాసు సామాను – గుర్తింపు, విలువ
(ఇచ్ఛాపురం పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి మాట్లాడగల అనుభవజ్ఞులు వేదిక మీద ఉన్నారు. నాకిచ్చిన పది నిమిషాలలో మన అటకల మీద, అద్దాల బీరువాలలో ఉన్న పాత గాజు సామాను గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. మనం ఇల్లు ఖాళీ చేసి పిల్లల దగ్గరకు వెళ్ళేటప్పుడు ముందుగా బయటకు పోయేవి ఇవే. పాత సామాన్ల వాడు ఒక ప్లాస్టిక్ బకెట్టు ఇచ్చి పట్టుకుపోతాడు. అమ్మవద్దని నేననను. ఏమి అమ్ముతున్నామో తెలిసి అమ్మాలంటాను.

ఇవి మన వైపు ఎలా వచ్చాయి? మందస, టెక్కలి, పర్లాకిమిడి జమీందారీల కాలంలో దొరలకు విందులు చేయటానికి ఇంగ్లీషు బల్ల సామాను కావలసి వచ్చేది. బర్మింగ్‌హామ్ నగరపు ఆస్లర్ కంపెనీ 1840ల నుంచి కలకత్తాలో దుకాణం నడిపి, రాజులకు, జమీందారులకు కట్ గ్లాసు అమ్మింది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత ఇటువంటి సామాను చాలావరకు చేతులు మారింది. ఉద్దానం నుంచి రంగూను వెళ్ళి సంపాదించినవారు రాకపోకలలో తెచ్చుకున్నవీ ఉన్నాయి.

ఇక గుర్తించటం. మొదట బరువు చూడండి. 1670లలో ఇంగ్లండులో జార్జి రేవన్స్‌క్రాఫ్ట్ గాజులో సీసపు ఆక్సైడు కలిపే పద్ధతిని అభివృద్ధి చేశారు. ఆ గాజుకు బరువు, మెరుపు ఎక్కువ. కోతకు సులువుగా లొంగుతుంది. తిరిగే ఇనుప చక్రం మీద ఇసుక, నీళ్ళు పోస్తూ గాడి కోసి, రాతి చక్రంతో నునుపు చేసి, చెక్క చక్రంతో మెరుగు పెట్టేవారు.

రెండవది అంచు. కోసిన గాడి అంచు వేలికి పదునుగా తగులుతుంది. అచ్చులో నొక్కి చేసిన దాని అంచు మొద్దుగా ఉంటుంది, పక్కన అచ్చు అతుకు గీత కనిపించవచ్చు. 1820లలో అమెరికాలో ఈ అచ్చు పద్ధతి వచ్చాక చవక నకళ్ళు విరివిగా వచ్చాయి.

మూడవది మోత. గిన్నెను అరచేతి మీద నిలిపి గోటితో మీటితే సీసపు గాజు కంచులా సాగి మోగుతుంది. మెడ సన్నని కూజా అలా మోగదు. అందుచేత ఇదొక్కటే ప్రమాణం కాదు.

నాలుగవది అడుగు. ఏళ్ళ తరబడి బల్ల మీద కదిలిన వస్తువు అడుగున సన్నని గీతలు అన్ని దిక్కులకూ ఉంటాయి. ఒకే వైపు వరుసగా ఉంటే ఎవరో గరుకు కాగితంతో రుద్ది పాతది చేశారని అనుమానించాలి.

ఐదవది ముద్ర. ‘చెకొస్లొవేకియా’ అని ఉంటే 1918 తరువాతది. ‘ఆర్.డి. నంబరు’ ఉంటే 1884 నుంచి బ్రిటన్‌లో రిజిస్టరు చేసిన నమూనా. పాత వస్తువులలో ఎక్కువ వాటికి ముద్రే ఉండదు; అది లోపం కాదు.

విలువ మాటకొస్తే, లక్షలు వస్తాయని ఆశపడకండి. విదేశాలలో కూడా ఈ సామాను ధర ఇటీవలి దశాబ్దాలలో తగ్గింది. విడి గిన్నెకు తక్కువ, పూర్తి సెట్టుకు ఎక్కువ. అంచు పెచ్చు లేచినా, లోపల మసక పట్టినా ధర పడిపోతుంది. మూత ఉన్న కూజాను డికాంటర్ అంటారు. కొన్నిటికి మూత కాడ మీద, కూజా మెడ మీద ఒకే అంకె గీసి ఉంటుంది. అంకెలు కలిస్తే అది అసలు జోడు. నాకు తెలిసిన ఒక ఇంట్లో పంపకాల నాడు తమ్ముడికి కూజా, అన్నకు మూత వచ్చాయి. ఇప్పుడు రెండింటికీ ధర లేదు, అన్నదమ్ములకు మాటలూ లేవు. పంచవలసి వస్తే జోడు విడదీయకండి. వెల కట్టి, ఒకరికి వస్తువు, మరొకరికి సొమ్ము ఇవ్వండి.

మూడు జాగ్రత్తలు. సీసపు గాజులో ఊరగాయ, పులుసు, పళ్ళరసం నిలవ ఉంచరాదు; పులుపుకు సీసం దిగుతుంది. చింతపండు, బూడిద ఇత్తడికే గాని గాజుకు పనికిరావు. తొట్టిలో తువ్వాలు పరచి గోరువెచ్చని సబ్బు నీళ్ళతో కడగాలి. 1972 పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన కళావస్తువులను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపరాదు. అమెరికాలో ఉన్న అబ్బాయికి పంపేముందు, అది పురావస్తువు కాదని భారత పురావస్తు సర్వే వారి ధ్రువపత్రం తీసుకోండి.

జప్తు జాబితాలు రాసిన గుమాస్తాగా చివరి మాట. ‘గాజు గిన్నె – 1’ అని రాస్తే ఏ గిన్నె అయినా అదే అవుతుంది. ఎత్తు, వెడల్పు, బరువు, కోత నమూనా, పెచ్చులు, ఎవరి నుంచి వచ్చిందీ ఒక కాగితం మీద రాసి, ఫొటో తీసి పిల్లలకివ్వండి. మనం ఉండగానే చెప్పవలసిన సంగతి ఇది. హైదరాబాదు వెళ్ళినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఐరోపా గాజు సామాను తప్పక చూడండి. మంచి వస్తువు ఎలా ఉంటుందో కంటికి అలవాటు అవుతుంది.