కంప్యూటరులో తెలుగు: ఎవరి అనుమతితో?

(చెన్నై సౌకార్‌పేటలో సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



న్యాయవాదికి కంప్యూటర్లతో ఏమి పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. మన దేశపు కాపీరైటు చట్టం, 1957, కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్య కృతుల కోవలో చేర్చింది. అంటే చట్టం దృష్టిలో కావ్యమూ ప్రోగ్రామూ ఒకే పంక్తిలో కూర్చుంటాయి. కావ్యాన్ని ఎవరు చదవవచ్చు, ఎవరు తిరిగి అచ్చు వేయవచ్చు, ఎవరు మార్చవచ్చు అన్నవి ఎంత న్యాయ ప్రశ్నలో, ప్రోగ్రాము విషయంలోనూ అంతే. అందులో మన భాషకు చోటున్నదా లేదా అన్నది భాషాహక్కుల ప్రశ్న. కాబట్టి నేను నా పరిధి దాటి మాట్లాడబోవడం లేదు.

మనం కూర్చున్న ఈ పేట పేరులోనే షావుకారు ఉన్నాడు. ఈ జార్జిటౌను వీధులలో తెలుగు వర్తకులు వ్యాపారాలు చేశారు, కన్యకాపరమేశ్వరి దేవస్థానాన్ని నిలుపుకొన్నారు, బడులు పెట్టారు. తరువాత గుజరాతీలు, మార్వాడీలు వచ్చి స్థిరపడ్డారు. ఈ నగరంలోనే తెలుగు అచ్చుకూడా పెరిగి పెద్దదైంది. కాంబెల్ రచించిన తెలుగు వ్యాకరణం 1816లో మద్రాసు కళాశాల ముద్రణాలయంలో అచ్చయింది. వావిళ్ల రామస్వామి శాస్త్రులవారు 1854లో ఇక్కడే ముద్రణాలయం నెలకొల్పారు. 1914లో ఆంధ్రపత్రిక ఇక్కడి నుండే దినపత్రికగా వెలువడసాగింది. ఆనాటి ముద్రాపకుడు సీసపు అక్షరాలను ఒకసారి కొన్నాడంటే అవి అతని సొత్తు. వాటితో శతకం వేసుకున్నా, పంచాంగం వేసుకున్నా అడిగేవారు లేరు. అక్షరం అరిగిపోతే కరిగించి మళ్లీ పోతపోయించుకునేవాడు.

కంప్యూటరు వచ్చిన తరువాత ఈ స్వాతంత్ర్యం మన చేతి నుండి జారిపోయింది. దుకాణంలో డబ్బు చెల్లించి తెచ్చుకున్న ఆపరేటింగ్ సిస్టం మన సొత్తు కాదు. మనం కొన్నది వాడుకొనే అనుమతి మాత్రమే. అది ఎలా పనిచేస్తుందో తెలిపే మూలపాఠం, అంటే సోర్సు కోడు, కంపెనీ పెట్టెలో భద్రంగా ఉంటుంది. దానిలో తప్పున్నదని తెలిసినా మనం దిద్దరాదు, దిద్దలేము. ఒక ఉదాహరణ చెబుతాను. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో ఒక విచిత్రం బయటపడింది. జకారం కింద ఞకారం చేరిన మన సంయుక్తాక్షరం ఒక ప్రత్యేక క్రమంలో సందేశంగా వస్తే సందేశాల యాప్ కుప్పకూలేది. 'జ్ఞానం' అన్న మాటలోని తొలి అక్షరమే యంత్రానికి మింగుడుపడలేదు. ఆపిల్ సంస్థ ఆ నెల 19న సవరణ విడుదల చేసింది. త్వరగానే చేసిందని ఒప్పుకోవాలి. అయితే ప్రపంచమంతా వార్తగా చెప్పుకొన్న లోపమది కనుక త్వరపడింది. వార్త కాని లోపాల మాటేమిటి? మన అక్షరాన్ని సరిదిద్దగల తెలుగు ఇంజనీర్లు వేలమంది ఉన్నా, ఆ కొద్దిరోజులూ వారికి ఎదురుచూడడం తప్ప వేరే దారి లేకపోయింది.

ఇందులో దురుద్దేశమేమీ లేదు. కంపెనీకి లెక్క ఉంటుంది. ఏ భాషలో ఎందరు కొంటారో చూసుకొని పెట్టుబడి పెడుతుంది. మన రాజ్యాంగానిది వేరే లెక్క. 1956 నాటి ఏడవ సవరణతో వచ్చిన 350-ఏ అధికరణం భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పించమంటున్నది. 1949లోనే విద్యామంత్రుల సమావేశం అంగీకరించిన సూత్రం ప్రకారం ఒక తరగతిలో 10 మంది, లేదా బడి మొత్తం మీద 40 మంది ఉంటే మాతృభాషా బోధన ఏర్పాటు చేయాలి. ఒక ప్రాంతంలో 15 శాతం మంది ఒక అల్పసంఖ్యాక భాష మాట్లాడేవారుంటే ముఖ్యమైన ప్రకటనలను ఆ భాషలోనూ వెలువరించాలన్నది మరొక రక్షణ. ఈ రక్షణలు ఎంతవరకు అమలవుతున్నాయో మీకు నేను చెప్పనవసరం లేదు. నేను చూపదలచినది ఈ అంకెల తేడా. రాజ్యాంగ రక్షణకు పదిమంది చాలు. సంతకు లక్షలమంది కావాలి. ఇప్పుడు నేను చెప్పబోయే మూడవ మార్గానికి పట్టుదల ఉన్న మనిషి ఒక్కరు చాలు. సరిహద్దులో చెల్లాచెదురుగా ఉన్న మనవంటి వారికి ఈ తేడాలోనే ఆశ ఉన్నది.

ఆ మార్గమే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికన్, అందరూ స్వేచ్ఛగా వాడుకోగల ఆపరేటింగ్ సిస్టంను నిర్మిస్తానని ప్రకటించి దానికి గ్నూ అని పేరు పెట్టారు. 1991లో ఫిన్లాండులో లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏండ్ల విద్యార్థి, ఆపరేటింగ్ సిస్టంకు గుండెకాయవంటి కెర్నెల్‌ను రాసి లోకం ముందుంచారు. అదే లినక్స్. ఈ రెండూ కలిసిన తరువాత 1993లో డెబియన్, 2004లో ఉబుంటు వంటి సంపుటాలు వచ్చాయి. వేలాది మంది తమ తమ ఇళ్లలో కూర్చొని రాసిన భాగాలు, కంపెనీలు జీతాలిచ్చి రాయించిన భాగాలు, అన్నీ ఇందులో కలిసి ఉంటాయి. ఎవరు పంపిన సవరణనైనా నిర్వాహకులు పరిశీలించి, బాగుంటే చేర్చుకుంటారు. పంపినవారి ఊరేది, కులమేది, వారి భాష మాట్లాడేవారు ఎందరు అన్న ప్రశ్నలు అక్కడ రావు.

దీనికి పునాది ఒక న్యాయపత్రం. జీపీఎల్ అనే ఈ లైసెన్సు తొలిసారి 1989లో వెలువడింది. అది నాలుగు స్వేచ్ఛలను ఇస్తుంది. ఏ పనికైనా ప్రోగ్రామును నడుపుకోవచ్చు. మూలపాఠం చదివి మార్చుకోవచ్చు. ప్రతులు తీసి పంచవచ్చు. మార్చిన ప్రతులనూ పంచవచ్చు. ఒకే ఒక్క షరతు: నీకు లభించిన స్వేచ్ఛను నీ నుండి తీసుకున్నవారికి నీవు నిరాకరించరాదు. కాపీరైటు చట్టం సాధారణంగా హద్దులు గీయడానికి ఉపయోగపడుతుంది. ఇక్కడ అదే చట్టం హద్దులు ఎవరూ గీయకుండా కాపలా కాస్తున్నది. న్యాయశాస్త్రం చదువుకున్నవాడిగా ఇంత చమత్కారమైన పత్రాలను నేను కొద్దిగానే చూశాను. అలాగే మరొక మాట. దొంగ ప్రతి అని తెలిసీ ప్రోగ్రామును వాడితే మన చట్టంలోని 63-బి సెక్షను కింద జైలుశిక్ష ఉన్నది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును పిల్లవాడు పక్కింటివాడికి నకలు తీసి ఇస్తే అది నేరం కాదు. లైసెన్సే అతనికి ఇచ్చిన హక్కు.

ఇక ఇందులోకి తెలుగు ఎలా వచ్చింది? 1991లో వెలువడిన యూనికోడు తొలి ప్రమాణంలోనే తెలుగుకు చోటు లభించింది. ప్రతి అక్షరానికి సంఖ్య ఏర్పడింది. అయితే సంఖ్య ఉంటే చాలదు. క, పొల్లు, ష వరుసగా వచ్చినప్పుడు వాటిని కలిపి 'క్ష'గా చూపించాలి. వత్తు ఎక్కడ పెట్టాలో, గుడి ఎక్కడ తగిలించాలో యంత్రానికి ఎవరో నేర్పాలి. హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా ప్రోగ్రాము ఈ పని చేస్తున్నది. ఆండ్రాయిడ్ ఫోన్లు, ఫైర్‌ఫాక్స్, లిబ్రె ఆఫీసు దానినే వాడుతున్నాయి. అక్షరరూపాలు కూడా కావాలి. తిరుమల కృష్ణ దేశికాచార్యులవారు పోతన 2000, వేమన 2000 ఫాంట్లను రూపొందించి లోకానికి ఇచ్చారు. రెడ్‌హ్యాట్ సంస్థ 2004లో లోహిత్ ఫాంట్లను విడుదల చేసింది. ఆ తరువాత సిలికానాంధ్ర చొరవతో గిడుగు, గురజాడ, మండలి పేర్లతో ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చాయి. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ డెబియన్‌ను ఆధారం చేసుకొని తెలుగులో పలికే ఆపరేటింగ్ సిస్టంను తీర్చిదిద్దింది. వీరిలో ఎవరూ తెలుగును చేర్చమని ఏ కంపెనీనీ బతిమాలలేదు. చేర్చడానికి కావలసిన హక్కు లైసెన్సులోనే ఉన్నది.

మన నగరపు పాలు కూడా చిన్నది కాదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ చెన్నైలోని తన కేంద్రంలో డెబియన్ ఆధారంగా బాస్ అనే ఆపరేటింగ్ సిస్టంను నిర్మించి 2007 జనవరిలో విడుదల చేసింది. భారతీయ భాషలను దృష్టిలో పెట్టుకొని చేసిన పని అది. అందులో తమిళంతోపాటు తెలుగూ ఉన్నది. 2011లో తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకు ఉచిత ల్యాప్‌టాప్‌ల పథకం ప్రారంభించినప్పుడు విండోస్‌తోపాటు ఈ బాస్‌ను కూడా వాటిలో ఎక్కించారు. ఒక్కసారి ఆలోచించండి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం బడిలో మన భాషకు చోటు ఇరుకు చేసిందని మనం న్యాయస్థానాల చుట్టూ తిరుగుతున్న కాలంలోనే, అదే ప్రభుత్వం పంచిన యంత్రంలో తెలుగుకు చోటు ఉన్నది. దానిని ఎందరు పిల్లలు తెరిచారు? తెరిచి చూపించిన ఉపాధ్యాయులు ఎందరు? అడగవలసినంత గట్టిగా మనం అడగలేదు.

పొరుగున ఉన్న కేరళను చూడండి. అక్కడి ప్రభుత్వ పాఠశాలల కంప్యూటరు విద్య 2000వ దశకం నుండే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు మీద నడుస్తున్నది. ఆ రాష్ట్రంలో తమిళ, కన్నడ మాధ్యమ బడులు కూడా ఉన్నాయి. వాటిలోనూ అదే వ్యవస్థ. ఇడుక్కి కొండలలోని తమిళ బిడ్డకు కేరళలో సాధ్యమైనది, తిరుత్తణిలోని తెలుగు బిడ్డకు తమిళనాడులో ఎందుకు సాధ్యం కాకూడదు? మనం తమిళాన్ని కాదనడం లేదు. ఈ నేల మీద పుట్టిన మన పిల్లలు తమిళం చక్కగా నేర్చుకోవాలి. దానితోపాటు తెలుగు కూడా నిలవాలని అడుగుతున్నాము.

కొందరు తల్లిదండ్రులు నన్ను అడుగుతారు: "అయ్యా, ఇది నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా?" న్యాయమైన ప్రశ్నే. మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోనుకు ఆధారం లినక్స్ కెర్నెలే. సుప్రీంకోర్టు ఈ-కమిటీ దేశంలోని జిల్లా న్యాయస్థానాల కంప్యూటర్లకు ఉబుంటును ఎంచుకున్నది. ప్రభుత్వ వ్యవస్థలలో ఓపెన్ సోర్సుకు ప్రాధాన్యమివ్వాలని కేంద్రం 2015లో విధానం ప్రకటించింది. కాబట్టి దీనిని నేర్చుకున్న పిల్లవాడు వెనుకబడిపోడు. పైగా మూలపాఠం కళ్లెదుట ఉంటుంది గనుక, వాడకంతో ఆగిపోకుండా నిర్మాణం కూడా నేర్చుకోగలడు.

లోపాలు లేవని నేను అనను. తెలుగు అనువాదం చాలాచోట్ల అసంపూర్ణంగా ఉన్నది. ఒక తెరమీద తెలుగు, మరో తెరమీద ఇంగ్లీషు కనిపిస్తాయి. కొన్ని మాటలు నిఘంటువు దాటి రాలేదు. అయితే ఈ లోపం మనకు ఆహ్వానం. దస్త్రం అనాలా, ఫైలు అనాలా అన్నది గుంటూరువారు, హైదరాబాదువారు మాత్రమే తేల్చవలసిన సంగతి కాదు. హోసూరు తెలుగులో, కోయంబత్తూరు తెలుగులో అంతకన్నా తేలికైన మాట బతికి ఉండవచ్చు. దానిని ప్రతిపాదించే హక్కు మనకు ఉన్నది. ఈ వ్యవస్థలలో భాషను గుర్తించే సంకేతం చూస్తే నాకు ముచ్చటేస్తుంది. అందులో తెలుగుకు రెండు అక్షరాలు, భారతదేశానికి రెండు అక్షరాలు, అంతే. రాష్ట్రం పేరు లేదు. 1960 ఏప్రిల్ 1న గీసిన సరిహద్దు తిరుత్తణిని ఇటువైపు చేర్చింది. ఈ సంకేతానికి మాత్రం ఆ గీత తెలియదు.

చివరగా, చేయవలసిన పనులు. మొదటిది, మీ ఇంట్లో పాత కంప్యూటరు ఉంటే దానిలో ఉబుంటునో డెబియన్‌నో ఎక్కించి తెరను తెలుగులోకి మార్చండి. ఖర్చు లేదు. రెండవది, పిల్లలకు ఇన్‌స్క్రిప్టు మీటల వరుస నేర్పండి. అందులో తెలుగు 'క', కన్నడ 'క', హిందీ 'క' ఒకే మీట మీద ఉంటాయి. ఒకటి వస్తే తక్కినవి సులువు. మూడవది, తెలుగు ఒక పాఠ్యాంశంగానైనా ఉన్న ప్రతి బడికీ వెళ్లి, కంప్యూటరు గదిలో తెలుగును అందుబాటులో ఉంచమని రాతపూర్వకంగా కోరండి. ఆ విన్నపాన్ని తెలుగులోనే రాయండి. రాజ్యాంగం 350వ అధికరణం ఆ హక్కు ఇచ్చింది. నకలు దాచుకోండి. జవాబు రాకపోతే మావంటివారి దగ్గరకు తీసుకురండి, తరువాతి మెట్టు మేము చూస్తాము. నాలుగవది, తాలూకాకు ఒక్క యువకుడో యువతియో వారానికి ఒక గంట అనువాదానికి కేటాయించండి. మనకు లక్షలమంది అక్కరలేదని ముందే మనవి చేశాను.

బడి కోసం న్యాయస్థానంలో మనం చేస్తున్న పోరాటం సాగవలసిందే. అయితే తీర్పు వచ్చేలోగా పిల్లలు పెరిగి పెద్దవారవుతారు. ఈ పనికి మాత్రం తీర్పు అవసరం లేదు, ఎవరి ఉత్తరువూ అవసరం లేదు. అనుమతి ఎప్పుడో వచ్చి ఉన్నది. రేపు ఇంటికి చేరగానే మొదలుపెట్టండి.