నికాహ్ నాడే వేసుకోవలసిన లెక్క
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)





కాన్పు ఖర్చుల గురించి మాట్లాడమని కమిటీవారు అడిగినప్పుడు కొంచెం తటపటాయించాం. బడి పంతుళ్లకు ఆస్పత్రి బిల్లులతో ఏం పని అనిపించింది. తర్వాత సొసైటీకి వచ్చిన సహాయ దరఖాస్తుల కట్ట తెప్పించుకుని చదివాం. ఫీజుల తర్వాత ఎక్కువగా కనిపించినవి కాన్పువే. అన్నీ దాదాపు ఒకే తీరు. ఆపరేషన్ అయింది, బిడ్డను బాక్సులో పెట్టారు, ఇంత కట్టాం, ఇంకా ఇంత తక్కువైంది, డిశ్చార్జి చేయడం లేదు. తేదీ చూస్తే కాన్పైన మూడో రోజో నాలుగో రోజో.

గుండెపోటు చెప్పి రాదు, యాక్సిడెంటు చెప్పి రాదు. కాన్పు మాత్రం ఏడెనిమిది నెలల ముందే చెప్పి వస్తుంది. అయినా మన సహాయం బిల్లు కౌంటరు దగ్గరే మొదలవుతోంది.

ముందు మా ఇంటి సంగతి చెబుతాం. మేమిద్దరం ఉపాధ్యాయులమే. మా ఉద్యోగుల హెల్త్ కార్డు పెళ్లయిన కూతురికి పనికిరాదు, అది మాకు తెలుసు. తొలి కాన్పు పుట్టింట్లోనే కదా, అందుకని చీటీ పాడి డబ్బు సిద్ధం చేసుకున్నాం. మామూలు కాన్పు అవుతుందనుకున్నాం. సిజేరియన్ అయింది. బిడ్డకు ఊపిరి ఇబ్బంది వచ్చి నాలుగు రోజులు బాక్సులో ఉంచారు. తల్లి బిల్లు 76,000, బిడ్డ బిల్లు 42,000. మొత్తం 1,18,000. చీటీ డబ్బు సగానికే సరిపోయింది. మిగతా సగానికి గాజులు బ్యాంకుకు వెళ్లాయి.

చిల్లా రోజుల్లో అల్లుడు హైదరాబాదు నుంచి వచ్చాడు. మాటల్లో తేలిందేమిటంటే, అతని కంపెనీ ఇచ్చిన గ్రూపు పాలసీలో కాన్పుకు 50,000 దాకా ఉంది. భార్య పేరు చేర్చి ఉంటే బిడ్డ బిల్లుకు కూడా దారి దొరికేది. కానీ పెళ్లయిన 30 రోజుల్లోపు పేరు చేర్చమని కంపెనీ నిబంధన. అతను మరిచిపోయాడు. రెన్యువల్‌లో మరో అవకాశం వచ్చింది, అప్పటికి మా అమ్మాయికి అయిదో నెల. కంపెనీ పంపిన ఈమెయిల్ ఎవరూ తెరవలేదు. మేమూ అడగలేదు. అల్లుణ్ణి కార్డు గురించి అడగడం నామోషీ అనుకున్నాం. ఏళ్ల తరబడి పిల్లలకు శాతాలు, వడ్డీలు బోర్డు మీద చెప్పినవాళ్లం, ఆ ఒక్క మాట అడగలేక ఆ డబ్బు పోగొట్టుకున్నాం.

అందుకే పెళ్లి మాటల్లో మెహర్ ఎంత, దావత్ ఎక్కడ అని మాట్లాడుకున్నట్టే, ‘బాబూ, నీ ఉద్యోగంలో ఇన్సూరెన్సు ఉందా, ఇఎస్ఐ ఉందా’ అని కూడా అడగండి. అడగడంలో తప్పేమీ లేదు. షోరూముల్లో, స్పిన్నింగు మిల్లుల్లో పనిచేసే మన కుర్రాళ్లలో చాలామందికి జీతంలోంచి నూటికి ముప్పావలా ఇఎస్ఐకి కోత పడుతోందన్న సంగతే తెలియదు. నెల జీతం 21,000 లోపు ఉన్నవారికి అది వర్తిస్తుంది. భార్య పేరు నమోదైతే ఆమె కాన్పు వైద్యం కూడా అందులోకే వస్తుంది. పనిచేసేది అమ్మాయే అయితే, చందా రోజుల షరతు పూర్తయి ఉంటే, మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతం కూడా వస్తుంది.

ఇక బయట కొనే పాలసీల మాట. ఇక్కడే మనవాళ్లు ఎక్కువగా మోసపోతున్నారు. మోసం అనేకంటే, చదవకుండా సంతకం పెడుతున్నారు అనాలి. గర్భం నిలిచాక కొన్న పాలసీ ఆ కాన్పుకు పనికిరాదు. కాన్పు కవరేజీ ఉన్న పాలసీల్లో కూడా నిరీక్షణ కాలం ఉంటుంది. కొన్నింట్లో తొమ్మిది నెలలు, కొన్నింట్లో రెండేళ్లు, మూడేళ్లు, నాలుగేళ్లు. ఆ కవరేజీ లేని మామూలు హెల్త్ పాలసీలో సిజేరియన్‌కు గానీ, కాన్పులో వచ్చే చిక్కులకు గానీ పైసా రాదు. గర్భసంచి బయట పిండం నిలిచిన కేసు ఒక్కటే దానికి మినహాయింపు. ‘అయిదు లక్షల పాలసీ ఉంది, భయం లేదు’ అని ధీమాగా ఉన్నవారు ఈ రాత్రే ఇంటికి వెళ్లి ఆ కాగితాలు తీసి చూడండి.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇవి ఉదాహరణకు తీసుకున్న అంకెలు. కాన్పు కవరేజీ కోసం ఏడాదికి అదనంగా 9,000 కట్టాలి, నిరీక్షణ మూడేళ్లు, సిజేరియన్‌కు ఇచ్చేది గరిష్ఠంగా 40,000 అనుకుందాం. మూడేళ్లలో మనం కట్టేది 27,000. వచ్చే లాభం 13,000 లోపే. రెండో ఏడే బిడ్డ పుడితే ఏమీ రాదు. మన ఇళ్లలో మూడేళ్లు ఆగే జంటలు ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు. నెలకు 750 చొప్పున పక్కన పెట్టినా అదే 27,000 అవుతుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు చేతికొస్తుంది. కాబట్టి రోజు కూలీ మీద బతికే ఇంటికి కాన్పు పాలసీ కొనమని మేము చెప్పం. నెలజీతం ఉన్నవారు కొనదలిస్తే నికాహ్ అయిన నెలలోనే కొనాలి. నిరీక్షణ ఎంత, మామూలు కాన్పుకు ఎంత, ఆపరేషన్‌కు ఎంత, బిడ్డకు మొదటి రోజు నుంచే వర్తిస్తుందా లేక మూడు నెలలు ఆగాలా, మన ఊళ్లో ఏ ఆస్పత్రిలో కార్డు చెల్లుతుంది, ఈ సంగతులు కాగితం మీద చూశాకే డబ్బు కట్టాలి. తీసుకున్నాక నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇచ్చేయవచ్చు.

బీమా మీద ధార్మిక అభ్యంతరం ఉన్నవారు ఇక్కడ ఉన్నారు. అది ఆలిములు తేల్చవలసిన విషయం, మేము లెక్కలు చెప్పేవాళ్లం. వారికైనా నెలవారీ పొదుపుకు అడ్డేమీ లేదు.

ఆ పొదుపు ఎంత ఉండాలి? సిజేరియన్‌కు సరిపడా ఉండాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు ఆపరేషన్‌తోనే జరిగాయి. ప్రైవేటు ఆస్పత్రుల్లో అయితే నూటికి 63. తెలంగాణలో మొత్తం మీదే 60 దాటింది.

గవర్నమెంటు ఆస్పత్రి ఉండగా ఇదంతా ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. 2011 నుంచి అక్కడ కాన్పు, సిజేరియన్, మందులు, రక్తం, పరీక్షలు, భోజనం, రానూపోనూ బండి అన్నీ ఉచితం. పుట్టిన బిడ్డకు జబ్బు చేసినా అంతే. మిర్చి యార్డు హమాలీ అయినా, ఆటో తోలే అబ్బాయి అయినా అప్పు లేకుండా బిడ్డను ఇంటికి తెచ్చుకోగలిగే చోటు అదే. మనవాళ్లు వెళ్లకపోవడానికి కారణాలు మాకు తెలియనివి కావు. రద్దీ, పరదాకు ఇబ్బంది, లేడీ డాక్టరు ఉంటారో ఉండరో అన్న బెంగ. ఈ బెంగ తోడు మనిషి ఉంటే చాలావరకు తీరుతుంది. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ఉచితంగా డాక్టరు పరీక్షలు జరుగుతాయి. బీపీ, రక్తహీనత వంటివి అయిదో నెలలోనే బయటపడితే తొమ్మిదో నెలలో అర్ధరాత్రి పరుగులు తగ్గుతాయి.

మాతృ వందన యోజన కింద తొలి కాన్పుకు 5,000 వస్తుంది, రెండోసారి ఆడపిల్ల పుడితే 6,000. ఇది అమ్మాయి సొంత ఖాతాలోనే, ఆధార్‌తో లింకైన ఖాతాలోనే పడుతుంది. మన దగ్గర చిక్కంతా పేరులోనే. బడి రిజిస్టర్లో ఎస్.కె., ఆధార్‌లో షేక్, బ్యాంకులో షైక్. ఒకచోట బేగం ఉంటుంది, ఇంకోచోట ఉండదు. ఈ తప్పులో మా పంతుళ్ల వాటా కూడా ఉంది, ఒప్పుకుంటున్నాం. పేర్లు సరిచేసుకునేందుకు మూడో నెలే సమయం. కాన్పయ్యాక పచ్చి బాలింతరాలు ఆధార్ సెంటర్లో నిలబడలేదు.

దాతలకు మా మనవి ఒకటి. జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాల్లో పేదలూ ఉన్నారు, అప్పుల్లో కూరుకుపోయినవారూ ఉన్నారు. పేదగా ఉన్నప్పుడు మన కంట పడని ఇల్లు, అప్పులో కూరుకుపోయాక దరఖాస్తుతో వస్తోంది. ఇల్లు మాత్రం అదే. వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్లి వచ్చాక మనం ఇచ్చే 20,000 అసలుకే చాలదు. అదే నాలుగో నెలలో ఇచ్చే 3,000 స్కానింగుకు, రక్తపరీక్షకు, ఆటోలకు సరిపోతుంది. బిల్లు సహాయం ఆపమని అనడం లేదు, ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఇవ్వక తప్పదు. దాని పక్కనే ముందస్తు నిధి ఒకటి చిన్నదైనా సరే మొదలుపెట్టమని అడుగుతున్నాం.

మస్జిద్‌లో నికాహ్ జరిగిన ప్రతిసారీ వధూవరులకు ఇచ్చేందుకు ఒక కాగితం తయారుచేశాం. పైన చెప్పినవన్నీ అందులో ఉన్నాయి. వచ్చే 9వ తేదీ నుంచి ఆస్పత్రికి తోడు వెళ్లడానికి రిటైరైన టీచరు ఆపాలు ఇద్దరు ఒప్పుకున్నారు. ఆటో ఖర్చు ఎవరు పెట్టుకుంటారో సభ ముగిసేలోపు చెబితే పేరు రాసుకుంటాం.