మా పాపకు ఏం వచ్చింది, టీచర్‌?

(వయోజన విద్యా కేంద్రంలో తల్లులతో చేసిన ప్రసంగం)

అక్కలారా, చెల్లెళ్లారా, అమ్మలారా!



మీరు పొద్దున చీకటితో లేచారు. ఇంటిపని చేసుకున్నారు. ఒకరు మాదాపూర్‌లో ఆఫీసు ఊడ్చారు. ఒకరు కొండాపూర్‌లో నాలుగు ఫ్లాట్లలో గిన్నెలు కడిగారు. ఒకరు నానక్‌రాంగూడలో ఇసుక తట్టలు మోశారు. ఇప్పుడు పుస్తకం పట్టుకొని వచ్చారు. మీ ఓపికకు దండం. ఎక్కువసేపు తీసుకోను. ఒక్క సంగతి మాట్లాడుకుందాం.

మీలో చాలామంది పిల్లలు రెండో తరగతి చదువుతున్నారు. "బిడ్డ ఎట్ల చదువుతుంది?" అని అడిగితే ఏమంటాం?

"పోతుంది బడికి. మంచిగనే చదువుతుంది."

మంచిగా అంటే ఏమిటి? ఏం వచ్చింది? ఏం రాలేదు? అది మనకు తెలియదు. తెలుసుకోవచ్చని కూడా చాలామందికి తెలియదు. ఈరోజు మాట అదే.

రెండో తరగతి ఎందుకు ముఖ్యం?

మన కేంద్రంలో మీరు ఎట్లా నేర్చుకున్నారో గుర్తు చేసుకోండి. ముందు అక్షరాలు. తర్వాత గుణింతాలు. ఆ తర్వాత ఒత్తులు. "అక" అని చదివినంతసేపు అర్థం కాలేదు. క కింద ఒత్తు పెట్టి "అక్క" అన్నాక అందరూ నవ్వారు. అక్షరాలు కలిసి మాట అయ్యింది. మాటలు కలిసి సంగతి అయ్యింది.

పిల్లలకు ఈ పని గట్టిపడేది రెండో తరగతిలోనే. అప్పటిదాకా పిల్లలు చదవడం నేర్చుకుంటారు. ఆ తర్వాత చదివి నేర్చుకుంటారు. మూడో తరగతిలో పరిసరాల విజ్ఞానం పుస్తకం వస్తుంది. నీళ్లు, చెట్లు, ఊరు, అన్నిటి గురించి పాఠాలు ఉంటాయి. చదవడం రాని బిడ్డకు ఆ పుస్తకం మూసిన తలుపే. అప్పుడు బిడ్డ వెనక బెంచీకి పోతుంది. కొన్నాళ్లకు "నేను బడికి పోను" అంటుంది. మనం బిడ్డకు చదువు అబ్బలేదంటాం. చదువు అబ్బకపోవడం కాదు. రెండో తరగతిలో ఒక మెట్టు జారింది. ఎవరూ చూడలేదు.

సర్కారు కూడా ఈ సంగతి గమనించింది. 2021లో దేశమంతా నిపుణ్ భారత్ అనే కార్యక్రమం మొదలైంది. 2022లో మన తెలంగాణలో ఒకటి నుంచి అయిదో తరగతి పిల్లల కోసం "తొలిమెట్టు" పెట్టారు. రెండో తరగతి పూర్తయ్యేసరికి బిడ్డకు ఏం రావాలో నిపుణ్ భారత్‌లో రాసి ఉంది. అర్థం చేసుకుంటూ నిమిషానికి 45 నుంచి 60 మాటలు చదవాలి. 999 వరకు అంకెలు చదవాలి, రాయాలి. 99 వరకు తీసివేతలు చేయాలి.

మీరు గడియారం పెట్టుకొని లెక్కించవద్దు. ఆగి ఆగి కాకుండా చదువుతుందా, చదివింది తన మాటల్లో చెబుతుందా, అది చూడండి. చాలు.

కండ్లు మూసుకొని చదివే పిల్లవాడు

ఒక అక్క సంగతి చెబుతాను. పేరు చెప్పను. ఆమె కొడుకు రెండో తరగతి. రోజూ రాత్రి పాఠం గడగడ చదివేవాడు. అక్క మురిసిపోయేది. ఒకరోజు చూస్తే పేజీ ఒకటి తెరిచి ఉంది, వాడు చదివేది మరొకటి. కండ్లు పుస్తకం మీద కూడా లేవు.

అక్క అప్పటికి మన కేంద్రంలో ఒత్తులు నేర్చుకున్నది. తన వాచకం తీసి వాడి ముందు పెట్టింది. "ఇది చదువు బిడ్డా" అన్నది. "బువ్వ" అన్నచోట "బువ" అన్నాడు. "పల్లె" అన్నచోట ఆగిపోయాడు. వాడికి పాఠం నోటికి వచ్చింది. చదవడం రాలేదు.

మరునాడు అక్క బడికి పోయింది. టీచర్‌ హాజరు పట్టీ తీసి చూపించారు. పంట పనులకని వాళ్లు పాలమూరు పోయినప్పుడు మూడు వారాలు బడి పోయింది. బడిలో ఒత్తులు చెప్పింది సరిగ్గా ఆ మూడు వారాల్లోనే. జబ్బు దొరికింది. మందు కూడా దొరికింది. టీచర్‌ రోజూ కొంచెంసేపు వాడిని దగ్గర కూర్చోబెట్టుకున్నారు. ఇంట్లో తల్లీకొడుకులు కలిసి ఒత్తులు రాశారు. రెండు నెలల్లో వాడు కొత్త పేజీ కూడా చదవసాగాడు.

ఇందులో తప్పు పిల్లవాడిది కాదు. బతుకుదెరువు కోసం ఊరికి పోయిన తల్లిదీ కాదు. బడిలో తెలిసిన సంగతి ఇంటికి రాలేదు. ఇంటి సంగతి బడికి పోలేదు. అంతే.

ఇంట్లో మీరే చూడవచ్చు

బిడ్డకు ఏం వచ్చిందో చూడటానికి పెద్ద చదువు అక్కర్లేదు. మీకు వచ్చిన చదువు చాలు.

ఒకటి. బిడ్డ చదివిన పాఠం కాకుండా చదవని పేజీ చదివించండి. లేదా పాఠం నడుమ నుంచి ఒక మాట మీద వేలు పెట్టి, "ఇది ఏంది?" అని అడగండి.

రెండు. ఇంట్లో సామాన్లు రాయించండి. బియ్యం, పప్పు, ఉల్లిగడ్డ, చక్కెర. ఈ నాలుగు మాటల్లో అయిదు ఒత్తులు ఉన్నాయి. ఏది తప్పుతుందో చూడండి.

మూడు. బస్సు నంబర్లు చదివించండి. బస్సు మీద 216 అని ఉందనుకోండి. బిడ్డ "రెండు, ఒకటి, ఆరు" అంటుందా? "రెండు వందల పదహారు" అంటుందా? వందలు ఎన్ని, పదులు ఎన్ని, ఒకట్లు ఎన్ని అని అడగండి.

నాలుగు. ఒక తీసివేత ఇవ్వండి. 52లో నుంచి 27 తీసివేయాలి. జవాబు 25. చాలామంది పిల్లలు 35 అని రాస్తారు. ఎందుకు? 2లో నుంచి 7 పోదు. అందుకని 7లో నుంచి 2 తీసేస్తారు. అంటే పదుల దగ్గర అప్పు తెచ్చుకోవడం ఇంకా రాలేదు. బిడ్డ చేతికి అయిదు పది రూపాయల నోట్లు, రెండు రూపాయి బిళ్లలు ఇవ్వండి. "27 రూపాయలకు కొత్తిమీర, మిరపకాయలు కొన్నాం, ఇంకెంత మిగిలింది?" అనండి. పది నోటు చిల్లర మార్చకుండా లెక్క తెగదు. చిల్లర మార్చినప్పుడు అప్పు తెచ్చుకోవడం తెలుస్తుంది.

"మా బిడ్డది ఇంగ్లీషు మీడియం, నాకేం తెలుస్తుంది?" అంటారు కొందరు. 2022-23 నుంచి మన సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం పెట్టారు. దాంతోపాటు రెండు భాషల పుస్తకాలు ఇచ్చారు. ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. బిడ్డ లెక్కల పుస్తకం తెరవండి. తెలుగు పేజీ మీరు చదవండి. ఇంగ్లీషు పేజీ బిడ్డను చదవమనండి.

చెప్పడం టీచర్‌ బాధ్యత

బడికి పోయి అడగాలంటే మనకు జంకు. "నేను చదువుకోలేదు. ఏమన్న అంటరేమో." నేనూ టీచర్‌ శిక్షణ తీసుకున్నాను కాబట్టి చెబుతున్నాను. మీరు అడిగేది దయ కాదు, హక్కు.

2009లో విద్యా హక్కు చట్టం వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్నది. అందులో 24వ సెక్షన్‌ టీచర్ల పనులు చెబుతుంది. టీచర్‌ తల్లిదండ్రులతో క్రమంగా సమావేశాలు జరపాలి. బిడ్డ రోజూ వస్తున్నదా, నేర్చుకునే శక్తి ఎట్లా ఉంది, ఎంత ముందుకు వచ్చింది, ఈ సంగతులు చెప్పాలి. ఫీజు కట్టే ప్రైవేటు బడిలోనైనా ఇవి అడగండి. ఫీజు కడుతున్నాం కదా అని ఊరుకోవద్దు. ఫీజు బాకీ ఉందని వెనక్కి తగ్గవద్దు.

సర్కారు బడిలో పాఠశాల యాజమాన్య కమిటీ ఉండాలి. ఆ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది ఆడవాళ్లు ఉండాలి. 2024లో మన రాష్ట్రంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా పెట్టారు. పేరులోనే అమ్మ ఉన్నది. మరి అమ్మ బడికి పోకపోతే ఎట్లా?

మూడు ప్రశ్నలు

బడికి పోయి "మా పాప మంచిగ చదువుతుందా?" అని అడిగితే, "మంచిగ చదువుతుంది" అంటారు. అంతటితో మాట అయిపోతుంది. అందుకని ఇట్లా అడగండి.

మా పాపకు ఏం వచ్చింది?

ఏం రాలేదు?

ఇంట్లో నేనేం చేయాలి?

ఈ మూడూ నోటికి పట్టండి. ప్రోగ్రెస్‌ కార్డు ఇచ్చినప్పుడు కూడా ఇవే అడగండి. కార్డు మీద ఒక అక్షరం ఉంటుంది. గ్రేడు అంటారు. ఆ గ్రేడు చూస్తే బిడ్డకు ఒత్తులు వచ్చాయో లేదో తెలియదు. నోట్‌బుక్కు చూపించమని అడగండి. ఎర్ర సిరా ఎక్కడ ఎక్కువ ఉందో చూడండి.

టీచర్‌ చెప్పింది అర్థం కాకపోతే, "ఇంకోసారి చెప్పండి మేడం" అనండి. అందులో సిగ్గు లేదు.

డ్యూటీ ఉంటే ఎట్లా?

ఇది అసలైన కష్టం. సర్కారు బడుల్లో నెలకోసారి, మూడో శనివారం, తల్లిదండ్రుల సమావేశం పెట్టాలని విద్యాశాఖ చెప్పింది. ఆఫీసులో కంప్యూటర్‌ ముందు కూర్చునేవాళ్లలో చాలామందికి శనివారం సెలవు. ఆ ఆఫీసు తుడిచే మీకు సెలవు ఉండదు. ఒక పూట పోతే ఆ పూట జీతం కోస్తారు.

అందుకని కొన్ని ఉపాయాలు చెబుతాను.

మీ బడిలో సమావేశం ఏ రోజో ముందే అడిగి తెలుసుకోండి. సూపర్‌వైజర్‌కు వారం ముందు చెప్పండి. ఒక గంట ముందుకో వెనక్కో డ్యూటీ మార్చమనండి.

మార్చకపోతే, గల్లీలో నలుగురు తల్లులు కలవండి. నెలకు ఒకరు పోవాలి. పోయినవాళ్లు నలుగురు పిల్లల సంగతీ అడిగి రావాలి.

బడి రిజిస్టర్‌లో ఎవరి ఫోన్‌ నంబరు ఉన్నదో చూడండి. చాలాచోట్ల తండ్రి నంబరే ఉంటుంది. ఆయన ఫోన్‌కు బడి నుంచి మెసేజ్‌ వస్తుంది. ఆయన చూడడు. చూసినా చెప్పడు. మీ నంబరు కూడా రాయించండి. వాట్సాప్‌ గ్రూపులో ఇంగ్లీషులో రాస్తే, "తెలుగులో మాట్లాడి పంపండి మేడం" అని అడగండి.

ఏదీ కుదరకపోతే ఉత్తరం రాయండి. అవును, మీరే రాయాలి. బిడ్డ నోట్‌బుక్కులో పెట్టి పంపాలి.

ఒక చిన్న ఉత్తరం

టీచర్‌ గారికి,

నమస్కారం. నేను రెండో తరగతి చదివే ................ వాళ్ల అమ్మను. నాకు డ్యూటీ ఉన్నది. అందుకని సమావేశానికి రాలేను. మా పాపకు చదవడం, రాయడం, లెక్కలలో ఏం వచ్చింది, ఏం రాలేదు, దయచేసి రాసి పంపండి. ఇంట్లో నేనేం చేయించాలో చెప్పండి. నా ఫోన్‌ నంబరు కింద రాశాను.

ఇట్లు,
................

ఈ ఉత్తరంలో తప్పులు పోతే పోనీయండి. మీ చేతిరాత చూస్తే టీచర్‌కు ఒక సంగతి తెలుస్తుంది. ఈ బిడ్డ వెనక చూసే కండ్లు ఉన్నాయని తెలుస్తుంది.

మీరు కూడా ఇంటి సంగతి బడికి చెప్పండి. ఊరికి పోతుంటే ఎన్ని రోజులో చెప్పండి. ఆ రోజుల్లో ఏ పాఠం నడుస్తుందో అడిగి, పుస్తకం వెంట తీసుకుపోండి. పని మారి ఇంకో బస్తీకి పోతే, కొత్త బడిలో టీసీ ఆలస్యమైందని బిడ్డను వద్దనకూడదు. అదీ చట్టంలో ఉన్నది.

విన్నాక ఏం చేయాలి?

ఇది జాగ్రత్తగా వినండి. టీచర్‌ "పాపకు తీసివేతలు రాలేదు" అన్నారు అనుకోండి. ఇంటికి వచ్చి పాపను కొట్టవద్దు, తిట్టవద్దు. పక్కింటి పిల్లతో పోల్చవద్దు. కొడితే ఏమవుతుంది? పాప నోట్‌బుక్కు దాస్తుంది. బడికి రావద్దని మిమ్మల్నే బతిమాలుతుంది. టీచర్‌ కూడా మీకు నిజం చెప్పడానికి వెనకాడతారు. బడిలో కొట్టకూడదని చట్టం చెబుతుంది. ఇంట్లో మనమే చెప్పుకోవాలి.

వచ్చినదాన్ని ముందు మెచ్చుకోండి. రానిదాన్ని రోజుకు పది నిమిషాలు చేయించండి. తల్లీబిడ్డలు ఒకే పలక మీద రాయండి. మీకు తెలియనిది బిడ్డ చెబుతుంది. బిడ్డకు తెలియనిది మీరు చెబుతారు.

అడిగిన తల్లులు ఏం చేశారు?

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. దూబగుంట అనే ఊళ్లో ఆడవాళ్లు మనలాగే రాత్రిపూట వాచకం చదివారు. పాఠంలో సారా వల్ల చెడిన సంసారం గురించి ఉన్నది. చదివి ఊరుకోలేదు. మా ఊళ్లో సారా ఎందుకు అని అడిగారు. ఆ ప్రశ్న ఊరూరికి పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు.

ఇక మన సంగతి. 1998లో మాదాపూర్‌లో సైబర్‌ టవర్స్‌ తెరిచారు. ఆ తర్వాత చుట్టూ అద్దాల మేడలు లేచాయి. ఆ మేడల్లో పని చేసే ఇంజనీర్లు కూడా ఒకప్పుడు ఒత్తులు, తీసివేతలు నేర్చుకున్నవాళ్లే. వాళ్లకు రానిది ఎవరో ఒకరు చూశారు, చెప్పారు, నేర్పారు. మన పిల్లలకు కూడా ఆ చూసే మనిషి కావాలి. ఇంట్లో మీరు, బడిలో టీచర్‌. ఇద్దరూ మాట్లాడుకోవాలి.

ఈ వారంలోనే ఒకరోజు బడికి పోండి. మూడు ప్రశ్నలు అడగండి. వచ్చే వారం టీచర్‌ ఏం చెప్పారో మన కేంద్రంలో అందరికీ చెప్పండి.

సెలవు.

మాట్లాడుకుందాం

1. మీ బిడ్డ టీచర్‌ పేరు మీకు తెలుసా? చివరిసారి ఎప్పుడు మాట్లాడారు?

2. బడి రిజిస్టర్‌లో ఎవరి ఫోన్‌ నంబరు ఉన్నది?

3. మీ గల్లీలో కలిసి పోగల నలుగురు తల్లులు ఎవరు? వాళ్ల పేర్లు రాయండి.

4. పైన ఉన్న ఉత్తరాన్ని మీ బిడ్డ పేరుతో మీ నోట్‌బుక్కులో రాయండి.