స్కీ పాస్ ఇప్పుడే కొనాలా? టాహో ప్లాన్ చేసేవాళ్ళ కోసం అసలు లెక్క

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా బే ఏరియాలో ఉంటున్న మన తెలుగు స్టూడెంట్స్ కోసం, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళ కోసం. ఇంకా ఎండలు తగ్గలేదు, స్కీయింగ్ గురించి ఇప్పుడెందుకు అనిపించొచ్చు. కానీ అమెరికాలో స్కీ పాస్ అనేది మంచు పడ్డాక కొనేది కాదు. మార్చిలో అమ్మకం మొదలవుతుంది, ధర మెట్లు మెట్లుగా పెరుగుతూ పోతుంది, డిసెంబర్ వచ్చేసరికి పెద్ద పాసుల అమ్మకం దాదాపు ఆపేస్తారు. ఆ తర్వాత కావాలంటే రోజు టికెట్టే గతి. కొలరాడోలోని వెయిల్‌లో 2024-25 సీజన్‌లో రద్దీ రోజుల్లో ఒక్క రోజు టికెట్ 300 డాలర్లు దాటింది. ఒక్క మనిషికి, ఒక్క రోజుకి!

అందుకే ఏటా ఈ టైమ్‌కి వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల. "మామా, పాస్ తీసుకుందామా? ధర పెరుగుతోందంట." ఆ కంగారులో ఆరేడు వందల డాలర్లు కట్టేసి, చివరికి రెండు రోజులు వెళ్ళొచ్చినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. స్టూడెంట్‌కి అది ఒక నెల అద్దెలో పెద్ద ముక్క. కాబట్టి తొందరపడకుండా లెక్క చూద్దాం.

పాస్ కొంటున్నామంటే ఏం కొంటున్నాం?

ముందు పాస్ వెనకున్న వ్యాపారం ఏంటో అర్థం చేసుకుందాం. వెయిల్ రిసార్ట్స్ కంపెనీ 2008లో ఎపిక్ పాస్ తెచ్చింది. 2018లో ఆల్టెరా కంపెనీ ఐకాన్ పాస్ మొదలుపెట్టింది. ఇప్పుడు పెద్ద కొండలు చాలావరకు ఈ రెండిట్లో ఏదో ఒకదాంట్లో ఉంటాయి. చిన్న చిన్న రిసార్టుల కోసం ఇండీ పాస్ అని ఇంకోటి ఉంది, ఒక్కో చోట రెండేసి రోజులు ఇస్తుంది.

స్కీ కంపెనీకి ఉన్న పెద్ద భయం ఏంటంటే, మంచు పడకపోవడం. మంచు లేకపోతే జనం రారు, డబ్బు రాదు. అదే సీజన్‌కి ముందే పాస్ అమ్మేస్తే? మంచు పడినా పడకపోయినా వాళ్ళ డబ్బు వాళ్ళకి వచ్చేసింది. అంటే అంతకుముందు కంపెనీ మోసిన రిస్క్‌లో కొంత ఇప్పుడు మన నెత్తి మీదకి వచ్చింది. దానికి బదులుగా మనకి ఇచ్చేది తక్కువ రేటు. ఇది మోసమేమీ కాదు, బేరం. కానీ బేరం అని తెలిసి చెయ్యాలి.

టాహోలో ఈ రిస్క్ ఎంత ఉంటుందో రెండు సంవత్సరాలు చూస్తే చాలు. 2015 ఏప్రిల్ 1న కాలిఫోర్నియా కొండల మీద మంచు కొలిస్తే, మామూలుగా ఉండాల్సిన దాంట్లో 5 శాతమే ఉంది. అప్పటి గవర్నర్ జెర్రీ బ్రౌన్ ఫిలిప్స్ స్టేషన్ దగ్గర మంచు ఉండాల్సిన చోట గడ్డి మీద నిలబడి మాట్లాడారు. ఆ ఏడాది కొన్ని రిసార్టులు ముందే మూతపడ్డాయి. తర్వాత 2022-23 చూడండి. డానర్ సమ్మిట్ దగ్గరున్న సెంట్రల్ సియెర్రా స్నో ల్యాబ్‌లో ఆ సీజన్‌కి 754 అంగుళాల మంచు నమోదైంది. 62 అడుగుల పైనే! 1946 నుంచి ఉన్న లెక్కల్లో అది రెండో స్థానం. అప్పుడైనా పండగేనా అంటే, కాదు. మంచు ఎక్కువై హైవేలు మూసేశారు, రిసార్టులు కొన్ని రోజులు లిఫ్టులు ఆపేశాయి.

ఇంకోటి ఉంది. 2021 ఆగస్టులో కాల్డోర్ కార్చిచ్చు సియెర్రా-ఎట్-టాహో రిసార్టులోకి వచ్చేసింది. 2021-22 సీజన్ దాదాపు మొత్తం అక్కడ పోయింది. అందుకే నేను చెప్పేది ఏంటంటే, ఒకే కొండకి పనికొచ్చే పాస్ చవగ్గా కనిపించినా, మీరు పెట్టిన డబ్బంతా ఆ ఒక్క కొండ మీదే ఆధారపడి ఉంటుంది.

పాస్ కంటే ముందు నాలుగు ప్రశ్నలు

మొదటి ప్రశ్న, నిజంగా ఎన్ని రోజులు వెళ్తారు? "ఈసారి ప్రతి వీకెండ్ వెళ్దాం మామా" అనే లెక్క వద్దు. పోయిన చలికాలం ఎన్ని రోజులు వెళ్ళారో ఫోన్‌లో ఫోటోలు తీసి చూడండి. తేదీలు అందులోనే ఉంటాయి. ఆ సంఖ్యకి ఒకటో రెండో కలపండి, అంతే.

రెండో ప్రశ్న, ఏ రోజుల్లో వెళ్తారు? చవక పాసుల్లో అసలు మెలిక ఇక్కడే ఉంటుంది. లోకల్ పాస్, బేస్ పాస్ అని ఉండేవాటిలో చాలావాటికి కొన్ని తేదీల్లో కొన్ని కొండల మీద అనుమతి ఉండదు. ఆ తేదీలు ఏంటనుకున్నారు? క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్ దాకా, జనవరిలో సంక్రాంతి పక్కనే వచ్చే ఎంఎల్‌కే లాంగ్ వీకెండ్, ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే వీకెండ్. అంటే మనకి ఆఫీసు సెలవు ఉండేవే! ఉద్యోగం చేసేవాళ్ళు ఈ లిస్ట్ చూడకుండా చవక పాస్ కొంటే, సెలవు ఉన్న రోజు పాస్ పనిచెయ్యదు, పాస్ పనిచేసే రోజు సెలవు ఉండదు. అదే మీరు స్టూడెంట్ అయ్యి, మంగళవారం క్లాసులు లేవనుకోండి, ఆ పాసే మీకు బంగారం. వీక్‌డేలో క్యూ కూడా తక్కువ.

మూడో ప్రశ్న, ఎవరితో వెళ్తారు? ఇది చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, పెద్ద గొడవలు ఇక్కడే వస్తాయి. మా గ్యాంగ్‌లో ఒక ఏడాది ముగ్గురు ఒక కంపెనీ పాస్ కొన్నారు, ఇద్దరు ఇంకో కంపెనీది. కారు ఒకటే, ఇల్లు ఒకటే, కొండలు మాత్రం వేరు. పొద్దున్నే ఎవర్ని ఎక్కడ దింపాలి, సాయంత్రం ఎవరు ఎవరి కోసం ఆగాలి అనేదే సరిపోయింది. కాబట్టి డబ్బు కట్టేముందు గ్రూపులో ఒక పోల్ పెట్టండి.

నాలుగో ప్రశ్న, ఏ రోడ్డు మీద వెళ్తారు? దీని గురించి కొంచెం వివరంగా చెప్తాను.

టాహో మ్యాప్‌ని రోడ్డు లెక్కన చూడండి

టాహోకి మనవైపు నుంచి మూడు దారులు. ఐ-80 మీద వెళ్తే బోరియల్, షుగర్ బౌల్ వస్తాయి. ఇంకొంచెం ముందుకెళ్ళి ట్రకీ దగ్గర తిరిగితే ఒకవైపు నార్త్‌స్టార్, ఇంకోవైపు పాలిసేడ్స్ టాహో. యూఎస్-50 మీద వెళ్తే సియెర్రా-ఎట్-టాహో, తర్వాత సౌత్ లేక్ టాహోలో హెవెన్లీ. హైవే 88 మీద కర్క్‌వుడ్.

ఎపిక్‌లో హెవెన్లీ, నార్త్‌స్టార్, కర్క్‌వుడ్ మూడూ ఉన్నాయి. అంటే మూడు దారుల్లోనూ ఒక్కో కొండ. ఒక రోడ్డు మూసినా ఇంకో రోడ్డు చూసుకోవచ్చు. ఐకాన్‌లో పాలిసేడ్స్ ఉంది, 1960 వింటర్ ఒలింపిక్స్ జరిగింది అక్కడే. సియెర్రా-ఎట్-టాహో కూడా ఐకాన్‌లో చేరింది. బాగా స్కీ చెయ్యడం వచ్చి, నిటారు కొండలు కావాలనుకునేవాళ్ళు పాలిసేడ్స్ వైపు, కర్క్‌వుడ్ వైపు చూస్తారు. కర్క్‌వుడ్ అడుగుభాగమే దాదాపు 7,800 అడుగుల ఎత్తులో ఉంటుంది కాబట్టి అక్కడ మంచు బాగా నిలుస్తుంది. కాకపోతే హైవే 88 మీద కార్సన్ స్పర్ అనే చోట హిమపాతం భయంతో పెద్ద తుఫాన్లప్పుడు రోడ్డు మూసేస్తుంటారు. మెల్లగా, వెడల్పు స్లోపుల మీద నేర్చుకోవాలనుకునేవాళ్ళకి నార్త్‌స్టార్ హాయిగా ఉంటుంది.

ఏ పాస్‌లో ఏ కొండకి ఎన్ని రోజులు అనేది ఏటా మారుతుంటుంది. కాబట్టి కొనేముందు ఆ ఏడాది లిస్ట్ కంపెనీ యాప్‌లోనే చూసుకోండి. ఫ్రెండ్ చెప్పిన పాత లిస్ట్ నమ్మొద్దు.

ఇప్పుడు లెక్క

అందరూ చేసే లెక్క ఇలా ఉంటుంది. "కిటికీ దగ్గర టికెట్ 200. పాస్ 600. మూడు రోజులు వెళ్తే చాలు, పాస్ డబ్బులు వచ్చేసినట్టే!" ఈ లెక్క వినడానికి బాగుంటుంది గానీ, పోల్చాల్సింది కిటికీ ధరతో కాదు.

ఎందుకంటే మధ్యలో ఇంకో రకం ఉంది. ఎపిక్ డే పాస్ అని, ఒకటి నుంచి ఏడు రోజుల దాకా ఎన్ని కావాలో అన్నే ముందే కొనుక్కోవచ్చు. ఐకాన్‌లో సెషన్ పాస్ అని కొద్ది రోజులకే ఉంటుంది. తేదీ ముందే చెప్పక్కర్లేదు. సెలవు తేదీలు వద్దనుకుంటే ఇంకా తక్కువకి వచ్చే రకాలు ఉన్నాయి.

ఊరికే లెక్క కోసం రోజుకి 90 డాలర్లు అనుకుందాం. నాలుగు రోజులకి 360. పాస్ 600. అంటే నాలుగు రోజులు వెళ్ళేవాడికి పాస్ 240 డాలర్ల నష్టం. ఆరు రోజులకి 540, ఇంకా పాసే ఎక్కువ. ఏడో రోజుకి 630, అప్పుడు పాస్ గెలిచింది. చూశారా? మూడు రోజులనుకున్నది ఏడు రోజులైంది. ఈ అంకెలు ఉదాహరణకే. ఈ ఏడాది అసలు ధరలు పెట్టి మీరే ఒకసారి భాగించి చూడండి. పాస్ ధరని ముందే కొనే రోజు ధరతో భాగించాలి, అంతే సూత్రం.

గ్రూపులో ఒకరికి పాస్ ఉంటే ఫ్రెండ్స్‌కి తగ్గింపు టికెట్లు ఇచ్చే పద్ధతి కూడా ఉంది. ఎన్ని, ఎంత అనేది ఏటా మారుతుంది. కాలేజీ స్టూడెంట్స్‌కి వేరే ధర ఉందేమో చూడటం మర్చిపోవద్దు. ఇంకోటి, వసంతంలో 49 డాలర్లు కట్టి ఎపిక్ పాస్ బుక్ చేసుకునే ఆఫర్ వస్తుంటుంది. 49కే పాస్ అనుకోకండి. మిగతా మొత్తం సెప్టెంబర్‌లో మీ కార్డు మీద పడుతుంది. సరిగ్గా ఫాల్ సెమిస్టర్ ఖర్చులు ఉన్నప్పుడు!

అసలు స్కీ రానివాళ్ళు

మీరు ఒక్కసారి కూడా స్కీ చెయ్యలేదా? అయితే సీజన్ పాస్ వద్దు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఉంటుంది. చాలా రిసార్టుల్లో మొదటిసారి వచ్చేవాళ్ళకి లెసన్, సామాను అద్దె, చిన్న స్లోప్ టికెట్ కలిపి ఒక ప్యాకేజీ ఇస్తారు. అది తీసుకోండి. వీక్‌డే అయితే ఇంకా మంచిది. ఫ్రెండ్ నేర్పిస్తాడులే అని పైకి వెళ్ళొద్దు. బోర్డు మీద పచ్చ గుండ్రం ఉంటే సులువు, నీలం చతురస్రం ఉంటే మధ్యస్థం, నల్ల డైమండ్ ఉంటే కష్టం. ఆగడం, తిరగడం వచ్చేదాకా పచ్చ గుండ్రం దాటొద్దు. హెల్మెట్ తప్పకుండా పెట్టుకోండి. మొదటి రోజు తర్వాత ఇది మనకి నచ్చిందా, మోకాళ్ళు ఒప్పుకుంటున్నాయా అనేది తెలుస్తుంది. అప్పుడు పాస్ గురించి ఆలోచించొచ్చు.

పాస్‌లో లేని ఖర్చులు

పాస్ అంటే లిఫ్ట్ ఎక్కే హక్కు మాత్రమే. స్కీలు, బూట్ల అద్దె, బస, తిండి, పెట్రోలు, కొన్నిచోట్ల వీకెండ్ పార్కింగ్ ఫీజు, అన్నీ వేరే. వీటిలో మనవాళ్ళు ఎక్కువ తేలిగ్గా తీసుకునేది టైర్ చెయిన్లు.

కాలిఫోర్నియాలో మంచు పడితే రోడ్డు మీద ఆర్-1, ఆర్-2, ఆర్-3 అని బోర్డులు పెడతారు. ఆర్-1 అంటే, స్నో టైర్లు ఉన్న కార్లు తప్ప మిగతావి చెయిన్లు వెయ్యాలి. ఆర్-2 అంటే, నాలుగు చక్రాలకీ స్నో టైర్లు ఉన్న ఫోర్ వీల్ లేదా ఆల్ వీల్ డ్రైవ్ తప్ప అందరూ వెయ్యాలి. ఆర్-3 అంటే అందరూ, మినహాయింపు లేదు. ఇంకో విషయం, ఫోర్ వీల్ డ్రైవ్ అయినా కారులో చెయిన్లు పెట్టుకునే వెళ్ళాలి. అద్దె కారు తీసుకునేవాళ్ళు ఒప్పందం చదవండి, చాలా కంపెనీలు చెయిన్లు వెయ్యడం ఒప్పుకోవు. అప్పుడు నడిరోడ్డు మీద నుంచి వెనక్కి తిరగడమే. చెయిన్లు ఇంటి దగ్గరే ఒకసారి వేసి తీసి చూడండి. రాత్రి పదింటికి గడ్డకట్టే చలిలో, ఫోన్ లైటు పట్టుకుని నేర్చుకునే విద్య కాదది.

ఉద్యోగం పోతే, కాలు విరిగితే

ఇది ఎవరూ మాట్లాడని విషయం. వీసా మీద ఉన్నవాళ్ళకి లే-ఆఫ్ అయితే రోజులు లెక్కపెట్టుకునే పరిస్థితి. అప్పుడు ఆరు వందలు కూడా ఆరు వందలే. ఎపిక్ పాస్‌తో ఎపిక్ కవరేజ్ అని వస్తుంది. గాయం, ఉద్యోగం పోవడం లాంటి కొన్ని కారణాలకి, షరతుల మీద డబ్బు వెనక్కి ఇస్తారు. ఐకాన్‌లో ఒక్క రోజు కూడా వాడని పాస్‌ని గడువులోపల చెప్తే వచ్చే సీజన్‌కి జమ చేసుకునే పద్ధతి ఉంది. "మంచు బాగా పడలేదు" అనేది మాత్రం సాధారణంగా కారణం కింద రాదు. ఆ పేజీ చదివి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఇవన్నీ పాస్ డబ్బు గురించే. ఆసుపత్రి బిల్లు పాస్‌లో లేదు. కొండ మీద పడి ఎముక విరిగితే అంబులెన్స్, ఎమర్జెన్సీ రూమ్ బిల్లు పాస్ ధరకి ఎన్నో రెట్లు ఉంటుంది. మీ స్టూడెంట్ ఇన్సూరెన్స్ టాహోలోని ఆసుపత్రులకి వర్తిస్తుందా, డిడక్టిబుల్ ఎంత, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఇండియా నుంచి వచ్చిన తమ్ముడినో బావనో తీసుకెళ్తుంటే ఇంకా జాగ్రత్త. చాలా విజిటర్ పాలసీల్లో స్కీయింగ్‌ని సాహస క్రీడ అని పక్కన పెట్టేస్తారు. అమ్మానాన్న వస్తే వాళ్ళకి స్కీలెందుకు? హెవెన్లీ గండోలాలో కూర్చుని పై నుంచి లేక్ చూడొచ్చు.

మొత్తం కలిపి చెప్పాలంటే: మొదటిసారి అయితే లెసన్ ప్యాకేజీ. రెండు నుంచి అయిదు రోజులైతే ముందే కొనే డే పాస్. అంతకు మించి వెళ్తారని పాత ఫోటోలు సాక్ష్యం చెప్తే, సెలవు తేదీలు చూసుకుని సీజన్ పాస్. గ్రూపంతా ఒకే కంపెనీది.

లేబర్ డే దగ్గర ధర ఇంకో మెట్టు ఎక్కుతుంటుంది. పెరిగే ఆ కొద్ది డాలర్ల కంటే, వాడని పాస్‌లో పోయేది చాలా ఎక్కువ. ఈ వీకెండ్ గ్రూపులో పోల్ పెట్టండి, భాగహారం చెయ్యండి, తర్వాతే కార్డు తియ్యండి. వచ్చే ఎపిసోడ్‌లో స్కీ జాకెట్, గాగుల్స్, గ్లవ్స్ సెకండ్‌హ్యాండ్‌లో ఎలా చూసి కొనాలో మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఉంటాను, నమస్తే.