ఎండవేడిమియు విత్తనపు మొలకయు
(డోను ప్రాంతపు రైతులకు చేసిన ఉపన్యాసము)



ముంగారి తొలివాన పడగానే గొర్రు కట్టుట మన సీమలో వాడుక. అట్లు విత్తిన కొఱ్ఱ, సజ్జ, జొన్న యొక్కొక్క యేట పలుచగా మొలచుటయు, సాళ్ళలో ఖాళీలు కనబడుటయు మీ రెఱుగనిది కాదు. అప్పుడు విత్తనమును నిందించుట కలదు. పెక్కుసార్లు దోషము విత్తనమందు గాక నేలవేడిమియందుండును.

ఎండు విత్తనము కొంత వేడిమికి ఓర్చును. నీరు పీల్చినతోడనే అది మేల్కొని, లోని పిండిని చక్కెరగా మార్చుకొని, వేరును పుట్టించును. ఈ పనికి జొన్నకును సజ్జకును సుమారు 30 మొదలు 35 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమి అనుకూలము. 10 డిగ్రీలకు దిగువను మొలక దాదాపు నిలిచిపోవును. 45 డిగ్రీలు దాటినచో మొలకను నడపు పదార్థములు చెడి, అంకురము నశించును.

వేసవి మధ్యాహ్నమున గాలివేడిమి 42 డిగ్రీలున్నప్పుడు ఎండిన నేల పైపొర 55 డిగ్రీలకు మించవచ్చును. తడినేలనుండి నీరు ఆవిరియగుచు వేడిమిని తగ్గించును. చిన్నజల్లు పైమట్టిని మాత్రము తడిపినచో విత్తనము మేల్కొనును. రెండుమూడు దినములకు తేమ యారును. మొలకెత్తబోవు గింజ వేడినేలలో చిక్కి చచ్చును. ఎఱ్ఱనేలలందు పైన పెళ్ళకట్టినచో, వేడికి బలము తగ్గిన మొలక దానిని చీల్చుకొని రాజాలదు.

కావున ఈ పద్ధతుల నవలంబింపుడు.

1. కనీసము అరజానెడు లోతు త్రవ్వి మట్టిని పిడికిట పట్టి చూడుడు. ముద్దకట్టినచో పదును చాలును, రాలిపోయినచో ఆగుడు.

2. జొన్నను ఒకటిన్నర మొదలు రెండంగుళముల లోతున విత్తుడు. కొఱ్ఱ చిన్నగింజ గనుక అంగుళమునకు మించరాదు.

3. రోహిణీకార్తె యెండలలో విత్తనమును రేకుల కప్పు క్రింద నుంచకుడు. తేమ నూటికి 12 పాళ్ళకు మించక, గాలి తగులు చల్లని గదిలో నుండవలెను. నిలువచోటు 5 డిగ్రీలు చల్లబడిన విత్తనపు ఆయువు సుమారు రెట్టింపగును.

4. విత్తుటకు ముందుగా 100 గింజలను తడిగుడ్డలో చుట్టి నీడనుంచి, గుడ్డ ఆరకుండ చూడుడు. పదిదినములలో 75కు తక్కువ మొలచినచో ఆ విత్తనమును మార్చుడు. జొన్న, సజ్జ, కొఱ్ఱలకు ధ్రువీకృత విత్తనపు కనీస ప్రమాణ మిదియే.

ఆగినచో కాలము మించునని భయపడనక్కరలేదు. 1906లో స్థాపితమైన నంద్యాల పరిశోధనక్షేత్రమున రూపొందిన సూర్యనంది కొఱ్ఱ 70, 75 దినములకే కోతకు వచ్చును. నాలుగునాళ్ళ ఆలస్యమును అట్టి పంట సహించును; చచ్చిన మొలకను ఏ వానయు బ్రతికింపజాలదు. గొర్రు కట్టుటకు ముందు నేలను చేతబట్టి చూడుడని నా మనవి.