సూదీ దారం – నేనూ మా అమ్మాయీ
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



రిటైరయ్యాక ఏం చేస్తున్నారో చెప్పమన్నారు కార్యదర్శిగారు. కొందరు సెక్యూరిటీ ఉద్యోగం చేస్తారు, కొందరు పొలం చూసుకుంటారు. నేను బట్టలు కుట్టడం నేర్చుకున్నాను. నవ్వండి, ఫరవాలేదు, మా ఇంట్లోనూ నవ్వారు.

మాది జంషెడ్‌పూర్‌లో సీతారాండేరా. 1912లో టాటావారి మొదటి ఉక్కు తయారైన ఊరు. ఉత్తరాంధ్ర నుంచి పనికోసం రైలెక్కి వచ్చిన కుటుంబాల్లో మాదీ ఒకటి. మా అమ్మ కాలితో తొక్కే కుట్టు మిషను మీద ఇరుగుపొరుగు జాకెట్లు కుట్టేది. అమ్మ పోయాక మిషను దుప్పటి కప్పుకుని మూలన ఉండిపోయింది.

సిపాయికి సూది కొత్త కాదు. కిట్టులో సూదీ దారం సంచి ఉండేది, దాన్ని 'హౌస్‌వైఫ్' అనేవారు. అంటే ఇల్లాలు! ఇల్లాలు ఇంటి దగ్గర, ఈ ఇల్లాలు మన దగ్గర. కాని గుండీ కుట్టడం వేరు, బట్ట కుట్టడం వేరు.

28 ఏళ్ల సర్వీసులో ఇంట్లో ఉన్నది సెలవుల్లోనే. పెన్షను మీద వచ్చేసరికి మా అమ్మాయి తొమ్మిదో తరగతి. నేను గదిలోకి వస్తే లేచి నిలబడేది. వాళ్లమ్మని 'నువ్వు' అనేది, నన్ను 'మీరు' అనేది. పిల్లకి ఎంత మర్యాద అని మురిసిపోయాను. "అది మర్యాద కాదండీ, కొత్త" అంది మా ఆవిడ.

వేసవి సెలవుల్లో అమ్మాయి ఆ దుప్పటి తీసింది. నేర్పడానికి వీధి చివరి దర్జీ ముసలాయన ఒప్పుకున్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను. మొదటివారం దారం లేదు. రూళ్ల కాగితం మీద గీత తప్పకుండా ఖాళీ సూది నడపాలి. మా అమ్మాయికి రెండు రోజుల్లో వచ్చింది, నాకు ఎనిమిది రోజులు పట్టింది. డ్రిల్లులో నేల తన్నిన కాలు కదా! గట్టిగా తొక్కితే చక్రం వెనక్కి తిరిగేది, దారం చిక్కుపడేది.

సూది మొనలోనే బెజ్జం పెట్టి, పైదారాన్ని కిందిదారంతో ముడివేసే మిషనుకి 1846లో అమెరికాలో ఇలియాస్ హోవే పేటెంటు పొందాడు. యంత్రాలంటే అంతగా ఇష్టపడని గాంధీగారు కూడా 1924లో సింగర్ మిషనుని మెచ్చుకున్నారు. పైదారం బిగువైతే కిందిదారం పైకి తేలుతుంది. రెండూ సమంగా ఉంటేనే ముడి బట్ట మధ్యలో పడుతుంది. ఈ సంగతి దర్జీ చెప్పాడు గాని, ఆరోజు నాకు మిషను వరకే అర్థమైంది.

ఒకరోజు అమ్మాయి రెండు చేతులూ ఒకే పక్కవి కత్తిరించింది. కొత్తవాళ్లు చేసే తప్పే. నేను పెరేడ్ గ్రౌండు గొంతుతో అరిచాను. కత్తెర కింద పెట్టి, తల వంచి, "సారీ సర్" అంది.

కన్నతండ్రిని సర్ అంది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

నాలుగు రోజులు అమ్మాయి మిషను ముట్టలేదు. నేనొక్కణ్ణే కూర్చుని దిండు గలీబు కుట్టాను. తిన్నగా వచ్చిందని సంతోషించి చూసుకుంటే, నాలుగువైపులా కుట్టేశాను! దిండు దూరే దారి లేదు. అదే పట్టుకుని వెళ్లి, "తప్పు చేశానమ్మా. మొన్న అరిచిందీ తప్పే" అన్నాను. మా అమ్మాయి గలీబు అటూ ఇటూ తిప్పి చూసి, పడీ పడీ నవ్వింది. "ఇటివ్వు నాన్నా, నువ్వు విప్పితే బట్ట చిరుగుతుంది" అంది.

నువ్వు అంది. సుబేదారు స్టార్లు వేసుకున్న రోజున కూడా నాకు అంత సంతోషం కలగలేదు.

మరుసటి శ్రీరామనవమికి ఇద్దరం కుట్టిన పావడా వేసుకుని బిష్టుపూర్ రామమందిరానికి వచ్చింది. అంచు ఒకపక్క వేలెడు దిగింది. అది నా వైపు.

సోదరులారా, మనం ఇంటికి వచ్చి ఇంటిని బ్యారెక్ చేయబోతాం. నా మనవి ఒక్కటే. పిల్లలకి నేర్పడానికి తొందరపడకండి. వాళ్ల పక్కన రంగరూటుగా కూర్చుని ఏదో ఒకటి నేర్చుకోండి. మన తప్పులు వాళ్లు చూడనివ్వండి.

సెలవు. జైహింద్.